“గీ బిళ్ళ ఎంతకు పోతదన్నా?” అని కొత్తవాళ్ళు అడిగితే ఏం చెప్పాలి

తమ్ముడూ, మీ ప్రశ్న రాత్రి చదివి, పొద్దున మళ్ళీ చదివాను. కరీంనగర్‌లో మీరు నడుపుతున్న పాత నాణేల వాట్సాప్ గ్రూపులో రెండు వందల పైచిలుకు మంది ఉన్నారని రాశారు. రోజూ ఎవరో ఒక కొత్త మనిషి చేరి ఐదు రూపాయల బిళ్ళో, 786 నంబరు నోటో ఫోటో పెట్టి ‘ఎంతొస్తది’ అంటారు. సీనియర్లు విసిగిపోయి ‘కిరాణా కొట్టుల ఇచ్చి చాక్లెట్ కొనుక్కో’ లాంటి మాటలు అంటున్నారు. పోయిన నెలలో ముగ్గురు కొత్తవాళ్ళు చెప్పకుండా వెళ్ళిపోయారు. అందులో ఒకావిడ పెట్టిన నలుపలకల బిళ్ళ ఫోటో మీరు నాకూ పంపారు. ఇప్పుడు సీనియర్లేమో ‘నెల రోజుల దాకా కొత్తవాళ్ళు ప్రశ్న అడగొద్దని రూల్ పెట్టు, లేకుంటే మేమే పోతం’ అంటున్నారు. ఎవరి మాట వినాలని అడిగారు.

నేను హనుమకొండలో ఉంటాను. నాణేలు పోగు చేయడం మొదలుపెట్టి 35 ఏళ్ళు దాటింది. మీరు చెప్పినలాంటి గ్రూపులు మూడింటిలో ఉన్నాను, ఒకదాన్ని కొన్నాళ్ళు నడిపాను కూడా. నా మాట ఏమిటంటే, ఆ రూల్ పెట్టకండి. సీనియర్లనూ పోనివ్వకండి. రెండూ కుదురుతాయి. కొంచెం పొడుగ్గా చెప్పాలి, ఓపిగ్గా చదవండి.

ముందు నా సంగతి చెప్తాను, ఎందుకంటే ఈ విషయంలో నా అభిప్రాయమంతా అక్కడి నుంచే వచ్చింది. నాకు పందొమ్మిదేళ్ళప్పుడు మా నాయనమ్మ వక్కల సంచిలో ఒక హాలి రూపాయి, అంటే నిజాం రాజ్యంలో నడిచిన వెండి రూపాయి, దొరికింది. నల్లగా మసకబారి ఉంది. నేను దాన్ని పొయ్యిలో బూడిద పెట్టి గంటసేపు తోమాను. తళతళ మెరిసేసరికి ఇంకేముంది, పట్నం తీసుకుపోతే మంచి ధర వస్తుందని బస్సెక్కాను. అక్కడ ఒక కొట్టు ఆయన బిళ్ళను చేతిలోకి తీసుకుని, పక్కనున్న ఇద్దరికీ చూపించి ‘ఊరోళ్ళు గిన్నెలు తోమినట్టు తోమి తెస్తరు’ అన్నాడు. ముగ్గురూ నవ్వారు. ధర చెప్పలేదు, అది ఏ బిళ్ళో చెప్పలేదు, తోమడం ఎందుకు తప్పో కూడా చెప్పలేదు. బిళ్ళ జేబులో వేసుకుని తిరిగి వచ్చేశాను. రెండేళ్ళు దాన్ని మళ్ళీ బయటికి తీయలేదు.

తర్వాత హనుమకొండలోనే ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడి దగ్గరికి వేరే పనిమీద పోతే, ఆయన గోడకు నాణేల పటం కనిపించింది. భయపడుతూ నా బిళ్ళ చూపించాను. ఆయన ముందు కిటికీ దగ్గరికి జరిగి కూర్చున్నారు. బిళ్ళను అంచులు పట్టుకుని తీసుకున్నారు, మధ్యలో వేలు తగలనీయలేదు. భూతద్దం నా చేతికిచ్చి ‘చార్మినార్ బొమ్మ నడిమి తలుపుల చూడు బాబూ, ఏమన్నా అక్షరం కనిపిస్తుందా?’ అన్నారు. చూస్తే కొక్కెంలాంటి గీత ఒకటి ఉంది. ‘అది ఉర్దూ అయిన్. ఉస్మాన్ అలీ ఖాన్ పేరులో మొదటి అక్షరం. అక్కడ మీమ్ అక్షరం ఉంటే ఆయన తండ్రి మహబూబ్ అలీ ఖాన్ నాటిది’ అని చెప్పారు. సంవత్సరం చదివించారు: హిజ్రీ 1337, మన లెక్కలో 1918-19. మా నాయనమ్మ వాళ్ళు ఏడు హాలి రూపాయలిస్తే ఆరు కల్దార్ (బ్రిటిష్ ఇండియా) రూపాయలొచ్చేవని చెప్పారు. అన్నీ అయ్యాక, చివర్లో, చాలా మెల్లగా ‘ఈ గీతలు బూడిదతో పడ్డవి. ఇవి ఇగ పోవు. ఇంకో బిళ్ళ దొరికితే మాత్రం తోమకు, అట్లనే ఉంచు’ అన్నారు.

తప్పు ఇద్దరూ పట్టుకున్నారు. కొట్టు ఆయన నా గురించి మాట్లాడాడు, మాస్టారు బిళ్ళ గురించి మాట్లాడారు. మీ గ్రూపుకు ఒక్కటే కట్టుబాటు కావాలంటే నేను ఇదే చెప్తాను: జవాబు బిళ్ళ గురించి ఉండాలి, అడిగిన మనిషి గురించి ఒక్క ముక్క ఉండకూడదు. ‘ఇది మామూలు బిళ్ళ, విలువ ఐదు రూపాయలే’ అనడంలో కటువు ఏమీ లేదు. ‘ఈ మాత్రం తెలియదా’ అన్నప్పుడే మనిషి లేచి పోతాడు.

ఇప్పుడు ఆ 786 నోటు, వైష్ణోదేవి బిళ్ళ సంగతి. సీనియర్ల విసుగంతా వీటి మీదే అని నాకు తెలుసు. వైష్ణోదేవి బొమ్మతో 5, 10 రూపాయల బిళ్ళలు 2012లో వచ్చాయి. ఆ ఆలయ బోర్డుకు పాతికేళ్ళు నిండిన సందర్భంగా ప్రభుత్వం విడుదల చేసింది. వాటికి లక్షలు వస్తాయని, ట్రాక్టర్ బొమ్మ ఐదు రూపాయల నోటుకు లక్షలు వస్తాయని వీడియోలు తిరుగుతూనే ఉన్నాయి. సీనియర్ వెయ్యోసారి అదే ప్రశ్న చూస్తున్నాడు, నిజమే. కానీ అడిగే మనిషికి అది మొదటిసారి. పైగా ఆ ప్రశ్న వెనక ఒక్కోసారి ఇంకో సంగతి ఉంటుంది.

రెండేళ్ళ కింద మా గ్రూపులో కాజీపేట వైపు నుంచి ఒక ఆటో నడిపే అబ్బాయి 786 నోటు ఫోటో పెట్టాడు. అంతకు ముందు రోజే అలాంటిదే ఒకటి వచ్చి ఉంది కాబట్టి ఇద్దరు ముగ్గురు నవ్వు బొమ్మలు పెట్టారు. మాలో ఒక చెల్లె, బ్యాంకులో పని చేస్తుంది, ‘అన్నా, నోటు సంగతి చెప్తాను గానీ, కొంటామని మీకు ఎవరన్నా ఫోన్ చేశారా?’ అని అడిగింది. అబ్బాయి పది నిమిషాలు ఏమీ రాయలేదు. తర్వాత వాయిస్ మెసేజ్ పెట్టాడు. నోటుకు మూడు లక్షలిస్తామన్నారట, రిజిస్ట్రేషన్ ఫీజని 2,500 పంపించాడట, ఇప్పుడు జీఎస్టీ కింద 12,000 అడుగుతున్నారట, భార్య కమ్మలు కుదువ పెడదామని చూస్తున్నాడట. ఆ చెల్లె వెంటనే సైబర్ మోసాలకు ఫిర్యాదు చేసే 1930 నంబరుకు ఫోన్ చేయించింది. రిజర్వు బ్యాంకు పేరు చెప్పి పాత నోట్లు, నాణేల మీద ఫీజులు, కమిషన్లు, పన్నులు అడిగేవాళ్ళను నమ్మొద్దని 2021 ఆగస్టులో ఆ బ్యాంకే ప్రకటన ఇచ్చింది. దాన్ని తెలుగులో చదివి వినిపించింది. 2,500 రాలేదు, 12,000 పోలేదు.

అందరూ నవ్వు బొమ్మలతోనే సరిపెట్టి ఉంటే ఆ అబ్బాయి ఆ మాట బయట పెట్టేవాడు కాదు. మోసపోయినవాడికి ముందే సిగ్గుగా ఉంటుంది. ఇంకొంచెం సిగ్గు మనం కలిపితే నోరు మూసుకుని కమ్మలు కుదువ పెడతాడు. అన్నం మెతుకులను లాగే మహిమ గల రాగి నాణెం, రైస్ పుల్లింగ్ అని తిరిగే మోసపు ముఠాల విషయమూ ఇంతే. మన జిల్లాల్లో దాని వల్ల పొలాలు అమ్ముకున్నవాళ్ళున్నారు. అడిగినవాడిని అమాయకుడని ఎగతాళి చేస్తే, వాడు వెళ్ళి ఆ ముఠా మాటే వింటాడు. వాళ్ళు మాత్రం చాలా మర్యాదగా మాట్లాడతారు తమ్ముడూ, ‘సార్’ అనకుండా మాట మొదలుపెట్టరు.

ఇంకొకటి చెప్పాలి. ఇది నాకు ఇప్పటికీ బాధ. గోదావరి ఒడ్డు ఊళ్ళ నుంచి ఒక అమ్మాయి చేరింది, పేరు కూడా సరిగా పెట్టుకోలేదు. వాళ్ళ నాన్నకు చెలకలో దొరికాయని నాలుగు చిన్న బిళ్ళల ఫోటో పెట్టింది. ఫోటో మసకగా ఉంది. బూడిదరంగులో, అంచులు సరిగ్గా లేని, చిన్న గోలీని నలగ్గొట్టినట్టున్న బిళ్ళలు. ఒకదాని మీద ఏనుగులాంటిది ఉన్నట్టుంది, ఉన్నట్టే ఉంది, ఖాయంగా చెప్పలేను. ‘ఇవి పాతవా, అమ్ముకోవచ్చా’ అని అడిగింది. నేను చూసేసరికి సాయంత్రమైంది. ఈలోగా ఒకాయన ‘సీసం ముక్కలు, వలకు కట్టుకునే బరువులు’ అన్నాడు, ఇంకొకాయన ‘ముందు ఫోటో తీయడం నేర్చుకో’ అన్నాడు. నేను జవాబు రాసేలోపే ఆమె ఫోటో తీసేసి వెళ్ళిపోయింది. నంబరుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు.

అవి వల బరువులే కావచ్చు. శాతవాహనుల సీసపు నాణేలు కూడా కావచ్చు. ఇకపై ఎవరికీ తెలియదు. జగిత్యాల జిల్లా కోటిలింగాలలో ఏం జరిగిందో మీకు తెలుసు కదా. గోబద, నారన, కంవాయ లాంటి శాతవాహనులకు ముందటి రాజుల పేర్లు, ఆ తర్వాత శాతవాహనుల మొదటి రాజు సిముకుడి పేరు నాణేల మీద బయటపడ్డది అక్కడే. ఆ నాణేల్లో ఎన్నో తవ్వకాల కంటే ముందే ఊరివాళ్ళకు నేలమీద దొరికినవి. పెద్దపల్లి దగ్గర పెద్దబంకూరులో వేల నాణేలు దొరికాయి. మన ఉత్తర తెలంగాణలో చరిత్ర మొదట రైతు చేతికీ, బర్లు కాసే పిల్లల చేతికీ తగిలింది. వాళ్ళకు బొమ్మ ఏదో బొరుసు ఏదో తెలియదు, మంచి కెమెరా ఉండదు, ‘ఎంతకు పోతది’ అనే అడుగుతారు. అట్లాంటి మనిషి నెల రోజులు ప్రశ్న అడగకూడదనే రూల్ మీరు పెడితే, ఆయన నెల రోజులు ఆగడు. ఇనుప సామాను కొనేవాడికి ఇస్తాడు, లేదా కరిగిస్తాడు.

భూమిలో దొరికిన వాటి గురించి ఒక మాట మీరు నేర్చి పెట్టుకోవాలి, ఎందుకంటే మర్యాదగా చెప్పడం అంటే నిజం దాచడం కాదు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. నేలలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే జిల్లా కలెక్టర్‌కు తెలియజేయాలి. దాచిపెడితే ఏడాది వరకు జైలు పడొచ్చు. తెలియజేసినవాళ్ళకు వాటా, డబ్బు దక్కే పద్ధతి కూడా ఆ చట్టంలోనే ఉంది. ఇది చెప్పేటప్పుడు ‘పోలీసులు పట్టుకుపోతరు’ అని మొదలుపెట్టొద్దు. ‘మీ నాన్నకు మంచిది దొరికి ఉండొచ్చు. కడగకండి, రుద్దకండి, దొరికిన చోటు గుర్తుపెట్టుకోండి, కలెక్టర్ ఆఫీసులో రాసిద్దాం, కాగితం నేను రాసిస్తాను’ అనాలి. చట్టం అదే, అడిగినవాళ్ళు ఉండిపోతారు.

ఇక పని ఎలా జరగాలో. నేను గ్రూపు నడిపినప్పుడు కొత్త మనిషికి జవాబు మూడు మాటల్లో ఉండాలని పెట్టుకున్నాం: అది ఏమిటి, అది అని ఎలా తెలిసింది, ఇప్పుడు దాన్ని ఏం చేయాలి. ఉదాహరణకు ఆ వైష్ణోదేవి బిళ్ళకే: ‘ఇది 2012లో వచ్చిన స్మారక నాణెం. విలువ దాని మీద ఉన్నంతే, బాగున్నది పోగుచేసేవాళ్ళు కొంచెం ఎక్కువిస్తారు, లక్షలు రావు. సంవత్సరం కింద చూడండి, నక్షత్రం ఉంటే మన హైదరాబాద్‌లో అచ్చయింది, చుక్క ఉంటే నోయిడా, డైమండ్ ఉంటే ముంబై, ఏమీ లేకుంటే కోల్‌కతా. మీ ఇంట్లో ఇంకా ఏ గుర్తులున్నాయో చూసి చెప్పండి.’ చివరి వాక్యమే అసలైనది. లక్షలు రావని తెలిసి వెళ్ళిపోయేవాళ్ళు వెళ్ళిపోతారు. పదిమందిలో ఒక్కరు మాత్రం ఇంట్లో డబ్బాలన్నీ బోర్లించి చిల్లర వెతుకుతారు. ఆ ఒక్కరే రేపటి మన మనిషి. జనగామ నుంచి ఒక డిగ్రీ పిల్లవాడు అలాగే మొదలుపెట్టి, ఈ రోజు నిజాం నాణేల్లో నాకే తెలియని తేడాలు చెప్తున్నాడు.

ఫోటో బాగాలేకపోతే ‘బాగా తీయి’ అని వదిలేయొద్దు, ఎట్లా తీయాలో చెప్పాలి. పగటి వెలుగులో, నీడ పడకుండా, తెల్ల కాగితం మీద, రెండు వైపులా. పక్కన ఇప్పటి రూపాయి బిళ్ళ పెడితే సైజు తెలుస్తుంది. బరువు కావాలంటే ఊళ్ళో బంగారం పని చేసేవాళ్ళ దగ్గర తూకం వేయించమనండి. హాలి వెండి రూపాయి సుమారు 11.18 గ్రాములుంటుంది, బాగా తక్కువ ఉంటే అప్పుడే అనుమానం వస్తుంది. ఇట్లా చెప్తే అడిగినవాళ్ళు కూడా పరీక్షలో పాలుపంచుకుంటారు. ఈస్టిండియా కంపెనీ పేరు, 1616, 1818 అని తేదీలు, రాముడో హనుమంతుడో ఉన్న రాగి బిళ్ళలు వస్తుంటాయి కదా, వాటికీ ‘నకిలీ’ అని ఒక్క మాట విసరొద్దు. కంపెనీ దేశమంతటికీ ఒకేరకం నాణేలు మొదలుపెట్టింది 1835లో, అప్పుడు వెండి రూపాయల మీద ఉన్నది నాలుగో విలియం రాజు తల. అది చెప్తే ఆ మనిషి ఇంకోసారి మోసపోడు. ఆ బిళ్ళ వాళ్ళ దేవుడి గూట్లో తాతల నాటి నుంచి ఉండి ఉంటుంది, పూజలో ఉన్నదాన్ని చెత్త అనే హక్కు మనకు లేదు.

ఇంకా, మీ గ్రూపులో పిన్ చేసిన నియమాల పేజీ ఇంగ్లిష్‌లో ఉందని రాశారు. ములుగు నుంచో భూపాలపల్లి నుంచో చేరిన మనిషి దాన్ని చదవలేదని కోప్పడితే ఏం లాభం? తీసేసి, తెలుగులో ఒక నిమిషం వాయిస్ మెసేజ్ పెట్టండి. మీ గొంతుతోనే.

సీనియర్ల విషయానికొస్తే, వాళ్ళను అందరి ముందు మందలించకండి. కొత్తవాళ్ళకు కావాల్సిన మర్యాదే వాళ్ళకూ కావాలి. ‘చాక్లెట్ కొనుక్కో’ అన్నాయన ఎవరో గానీ, ఆయనకు ఫోన్ చేయండి, వీలైతే ఇంటికి పోయి చాయ్ తాగుతూ మాట్లాడండి. నా అనుభవంలో ఇట్లా కటువుగా మాట్లాడేవాళ్ళలో చాలామంది ఒకప్పుడు నకిలీలు కొని వేలు పోగొట్టుకున్నవాళ్ళు. వాళ్ళ కోపం ఆ మోసం మీద, ఎదురుగా దొరికేది మాత్రం కొత్త మనిషి. మా దగ్గర అలాంటి ఒకాయనకు నకిలీలు గుర్తుపట్టే పనే అప్పగించాం. ఆయన ఇప్పుడు ఆదివారాలు ఫోటోల మీద బాణం గుర్తులు పెట్టి మరీ వివరిస్తాడు.

రోజువారీ ప్రశ్నలకు వంతులు పెట్టండి. ఒక వారం ఒకరు, మిగతావాళ్ళు జవాబివ్వాల్సిన పని లేదు. నచ్చని ప్రశ్నను దాటేసి పోవడం ఎవరికైనా తప్పు కాదు. వంతు ఉన్నవాళ్ళు అదే రోజు జవాబిస్తే చాలు. ఆ గోదావరి అమ్మాయి విషయంలో మాకు లేనిది అదే. అప్పుడు ఎవరి వంతూ కాదు.

ఒక్క విషయంలో మాత్రం చాలా గట్టిగా ఉండండి. కొత్త మనిషి ఫోటో పెట్టగానే గ్రూపులో ‘విలువ లేదు’ అని రాసి, విడిగా మెసేజ్ పెట్టి ‘ఐదు వందలిస్తా, నాకివ్వు’ అనేవాళ్ళుంటారు. పైకి ఎంత మెత్తగా మాట్లాడినా, నా లెక్కలో వెకిలి మాట కంటే ఇది పెద్ద అమర్యాద. ఒక ముసలమ్మ కొక్కేలు అతికించిన హాలి రూపాయల దండను మాలో ఒకడు ఇట్లాగే వెండి ధర కంటే తక్కువకు కొన్నాడు. తెలిసిన రోజే పంపించేశాం, ఆయన మంచి సేకరణకర్త అయినా సరే. కొత్తవాళ్ళ వస్తువు అందరి ముందు గుర్తించి, కనీసం వారం గడిచేదాకా గ్రూపులో ఎవరూ కొనకూడదని పెట్టండి. మీకు ఏదైనా రూల్ కావాలంటే అది ఇదే.

రోజుకు పదిసార్లు అమ్మకం ప్రకటనలు పెట్టేవాళ్ళను, చెప్పినా బూతులు తిట్టేవాళ్ళను తీసేయండి, కొత్తయినా పాతయినా. దాని గురించి ఇంకేం ఆలోచించక్కర్లేదు.

చివరగా, మీరు పంపిన ఆ నలుపలకల బిళ్ళ. అది నిజాం అణా. మొదట్లో గుండ్రంగా ఉండేది, ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలోనే తర్వాత ఇట్లా నాలుగు పలకల్లో వచ్చింది. అల్లిక అల్లినట్టున్న రాత పేరు తుఘ్రా. ఇలాంటివి పదహారు కలిస్తే ఒక హాలి రూపాయి. ఆవిడది తెల్లగా కనిపిస్తోంది కాబట్టి రాగి-నికెల్ అనుకుంటున్నాను, బరువు చెప్తే ఖాయం చేస్తాను. మామూలుగా దొరికేదే, పెద్ద ధర ఉండదు. కానీ అంచు అరగలేదు, ఎవరో తోమకుండా జాగ్రత్తగా దాచారు. ఆవిడ నంబరు మీ దగ్గర ఉంటుంది కదా, ఈ రోజే ఈ నాలుగు మాటలు రాసి పంపండి. ఆ బిళ్ళను ఇన్నేళ్ళు వాళ్ళ ఇంట్లో ఎవరు దాచారో కూడా అడగండి.